నీడతో నేలను కొలిచినవాడు

*వెయ్యేళ్ల కిందట గజనీలో కూర్చుని కృష్ణ, తుంగభద్రల పేర్లు తన పుస్తకంలోకి ఎక్కించుకున్న ఖగోళవేత్త అల్‌బెరూనీ. ఆయన మహాగ్రంథాన్ని మొదటిసారి పూర్తిగా అచ్చు వేసింది మన హైదరాబాద్.*

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం కట్ట మీద మే 4, 5 తేదీల్లో మిట్టమధ్యాహ్నం ఒక కర్రను నిట్టనిలువుగా నిలబెడితే నీడ కనపడదు. కర్ర మొదట్లోనే అణిగిపోతుంది. మళ్లీ ఆగస్టు 7, 8 తేదీల్లోనూ అంతే. ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన 16 డిగ్రీల చిల్లరలో ఉంది కాబట్టి ఏటా ఈ రెండు సమయాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం నీడ ఎంత పొడవుందో కొలిచి, ఆ రోజు సూర్యుడి స్థానం తెలిసిన పట్టికతో సరిచూస్తే, ఆ ఊరు భూగోళం మీద ఎక్కడుందో చెప్పేయొచ్చు. కావలసినవి ఒక కర్ర, చదునైన నేల, కొంచెం గణితం, చాలా ఓపిక.

ఈ పనిని పదిహేడేళ్ల వయసులో మొదలుపెట్టి డెబ్బై దాటేదాకా వదలని మనిషి అబూ రైహాన్ అల్‌బెరూనీ. స్కూలు పుస్తకాల్లో ఆయన మనకు 'గజనీ మహమ్మదు వెంట వచ్చి భారతదేశం గురించి రాసిన యాత్రికుడు'గా ఒక్క వాక్యంలో కనిపించి వెళ్లిపోతాడు. ఆ వాక్యంలో అన్యాయం చాలా ఉంది. ఆయన యాత్రికుడు అంతగా కాడు, అసలు పని ఖగోళ గణితం. దాని పక్కనే కాలగణన, భూగోళం, రత్నాలు, మందులు, తత్వం. 65 ఏళ్ల వయసులో తన రచనల జాబితా తనే రాసుకుంటే 113 తేలాయి. ఆ తర్వాత కూడా రాస్తూనే ఉన్నాడు.

కాత్ నుంచి పారిపోయిన కుర్రాడు

973 సెప్టెంబరులో ఖ్వారిజంలోని కాత్ పట్టణం దగ్గర పుట్టాడు. ఆ చోటు ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది, ఊరికి ఆయన పేరే పెట్టారు. అముదర్యా నది అక్కడ ఎడారిని చీల్చుకుంటూ అరల్ సముద్రం వైపు పోయేది. ధ్రువ నక్షత్రం శ్రీరంగాపూర్‌లో దిగంతానికి 16 డిగ్రీల ఎత్తులో చెట్ల కొమ్మల్లో చిక్కుకుని ఉంటే, కాత్‌లో 41 డిగ్రీలు దాటి పైకెక్కి కూర్చుంటుంది. సూర్యుడు నడినెత్తికి రావడమన్నది అక్కడి జనం ఎన్నడూ చూడరు.

రాజకుటుంబానికి చెందిన గణితవేత్త అబూ నస్ర్ మన్సూర్ ఈ కుర్రాణ్ని చేరదీశాడు. అర డిగ్రీ గీతలున్న ఒక వలయంతో సూర్యుడి గరిష్ఠ ఎత్తు కొలిచి బెరూనీ తన ఊరి అక్షాంశం కట్టినప్పుడు వయసు పదిహేడు. ఊళ్ల స్థానాలు గుర్తించడానికి పది మూరల వ్యాసంతో ఒక అర్ధగోళం కూడా చేసుకున్నాడు. 995లో అంతర్యుద్ధం వచ్చింది. ఆశ్రయమిచ్చిన రాజవంశం కూలింది. అర్ధగోళం పోయింది, ఊరు పోయింది, ఇరవై రెండేళ్ల వాడు కట్టుబట్టలతో పారిపోయాడు.

ఇప్పటి టెహ్రాన్ దగ్గరి రయ్ నగరంలో కొంతకాలం పేదరికం రుచి చూశాడు. అక్కడొక పండితుడు ఖగోళ విషయంలో ఆయన మాటను కొట్టిపారేశాడట. వాదన తప్పని కాదు, చెప్పినవాడు బీదవాడని. తర్వాత బెరూనీ పరిస్థితి మెరుగుపడ్డాక అదే పెద్దమనిషి స్నేహం కలుపుకున్నాడు. ఈ సంగతి బెరూనీ పుస్తకంలో రాసి మరీ పెట్టాడు. పట్టించుకోనట్టు కనిపించే పండితులు ఎంత గుర్తుపెట్టుకుంటారో చూడండి.

అదే రయ్‌లో ఖుజందీ అనే ఖగోళవేత్త కొండంత కోణమాపకం కట్టి సూర్యుడి వాలు కొలిచాడు. బెరూనీ ఆయన్ను కలిశాడు, పరికరాన్ని వర్ణిస్తూ రాశాడు. 997 మే నెలలో చంద్రగ్రహణం వచ్చినప్పుడు తిరిగి సొంతూరు చేరిన బెరూనీ కాత్‌లోనూ, ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫా బాగ్దాద్‌లోనూ ముందే మాట్లాడుకుని ఒకే గ్రహణాన్ని గమనించారు. గ్రహణం లోకమంతటికీ ఒకే క్షణంలో పడుతుంది. రెండు ఊళ్లలో స్థానిక సమయాల్లో ఎంత తేడా ఉందో అదే రెండు ఊళ్ల రేఖాంశాల తేడా. టెలిఫోను లేదు, సరైన గడియారం లేదు. ఉత్తరాలు నెలల తరబడి నడిచే రోజులవి.

మంచు ఎందుకు తేలుతుంది?

దాదాపు ఇదే కాలంలో బెరూనీకి, ఆయన కంటే వయసులో చిన్నవాడైన ఇబ్న్ సీనాకి మధ్య ఉత్తరాల యుద్ధం నడిచింది. ఇబ్న్ సీనా అంటే వైద్యంలో, తత్వంలో ఆ యుగానికి తలమానికం. యునానీ వైద్యానికి ఇప్పటికీ పెద్దదిక్కు. బెరూనీ పద్దెనిమిది ప్రశ్నలు పంపాడు. పది అరిస్టాటిల్ ఆకాశశాస్త్రం మీద, ఎనిమిది భౌతిక విషయాల మీద.

ప్రశ్నలు చూస్తే ముచ్చటేస్తుంది. వేడికి వస్తువులు వ్యాకోచించి చలికి ముడుచుకుంటాయంటారే, మరి నీళ్లు గడ్డకడితే కుండ ఎందుకు పగులుతుంది? మంచుగడ్డ గట్టిది కదా, నీటిపై ఎందుకు తేలుతుంది? ఆకాశం గుండ్రంగానే ఉండాలని అరిస్టాటిల్ ఎందుకంత గట్టిగా అంటాడు, కోడిగుడ్డు ఆకారంలో ఉండి తన అక్షం మీద తిరిగినా నష్టం లేదు కదా? మన లోకం కాక వేరే లోకాలు ఉండటం అసాధ్యమని ఎలా చెప్పగలం?

ఇబ్న్ సీనా జవాబులిచ్చాడు. బెరూనీకి నచ్చలేదు, తిరిగి రాశాడు. స్వరం కొంచెం కరుకుగానే ఉంది. ఆ తర్వాత ఇబ్న్ సీనా పక్కకు తప్పుకుని శిష్యుడు మాసూమీ చేత జవాబు రాయించాడు. ఇద్దరి తీరులోనూ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇబ్న్ సీనాకు ఒక పెద్ద తాత్విక భవనం ఉంది, ప్రతి ఇటుకా అందులో సర్దుకోవాలి. బెరూనీ భవనం కట్టలేదు. కొలవగలిగినదాన్ని కొలిచాడు, కొలవలేనిదాన్ని ప్రశ్నగానే ఉంచాడు. తత్వశాస్త్ర చరిత్రల్లో ఆయనకు పెద్ద అధ్యాయం దొరక్కపోవడానికి ఇదొక కారణం కావచ్చు. నిజానికి ఆ అనుమానమే ఆయన తత్వం.

పీర్ల పండుగ ఎందుకు జరుగుతుంది?

1000 ప్రాంతంలో, ఇంకా ముప్పై నిండకముందే, కాస్పియన్ సముద్రం పక్కన గుర్గాన్‌ను ఏలుతున్న ఖాబూస్‌కు అంకితమిస్తూ తొలి పెద్ద గ్రంథం రాశాడు. పేరు 'అల్ ఆసారుల్ బాఖియా'. వేర్వేరు జాతులు కాలాన్ని ఎలా లెక్కపెట్టాయన్నదే విషయం. పర్షియన్లు, సోగ్దులు, తన సొంత ఖ్వారిజం వారు, యూదులు, క్రైస్తవులు, అరబ్బులు, అందరి నెలలు, పండుగలు, శకాలు ఒక్కచోట పేర్చాడు. మధ్యలో ఎందుకో చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూపోయే పాత లెక్క ఎత్తుకుని చివరి అంకె దాకా కట్టాడు: 18,446,744,073,709,551,615. లెక్క తప్పలేదు.

ఆ పుస్తకం దేని గురించో పాలమూరు పల్లె మనిషికి వేరే వివరించనక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో రెండు కాలచక్రాలు పక్కపక్కనే తిరుగుతాయి. పీర్ల చావడిలో పీర్లను నిలబెట్టి, అలాయి గుండం చుట్టూ కులమతాల తేడా లేకుండా ఆడే మొహర్రం 2024లో జులై 17న పడింది, 2025లో జులై 6న. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ముప్పై మూడేళ్లకు కాలాలన్నీ చుట్టేస్తుంది. ఉగాది కూడా జరుగుతుంది, కానీ కొంచెం వెనక్కి పోయి మళ్లీ ముందుకు లాగినట్టు చోటుకు వస్తుంది: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి 2027 ఉగాది తిరిగి ఏప్రిల్‌లో పడుతుంది.

పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 365 రోజుల చిల్లర. ఈ పదకొండు రోజుల అప్పును ఎలా తీర్చాలన్నదే ప్రపంచంలోని పంచాంగాలన్నిటి తగువు. మన సిద్ధాంతులు దాదాపు ముప్పై రెండు నెలలకోసారి అధిక మాసం వేసి తీరుస్తారు. ఇస్లామీ పంచాంగం తీర్చదు, తీర్చకూడదని మతాజ్ఞ. బెరూనీ ముస్లిం, కానీ ఏది సరైనదన్న తీర్పు జోలికి పోడు. ఎవరు ఏ అవసరం కోసం ఏ పద్ధతి ఎంచుకున్నారో చెప్పి, ఒక దానిలోంచి మరోదానిలోకి తేదీ మార్చే లెక్క చూపిస్తాడు.

మతం విషయంలో ఆయన ఓర్పుకు హద్దుంది, అది మూఢత్వం దగ్గర. నమాజు వేళలు చూపించే ఒక పరికరం మీద రోమన్ నెలల పేర్లు ఉన్నాయని ఒక మసీదు పెద్ద దాన్ని వద్దన్నాడు, అన్యమతస్తుల్ని అనుకరించినట్టవుతుందని. రోమన్లు అన్నం కూడా తింటారు, అందులోనూ వాళ్లను అనుకరించకండని బెరూనీ జవాబిచ్చాడు. నీడల మీద ఆయన రాసిన ఒక ప్రత్యేక గ్రంథంలో ఈ ముచ్చట ఉంది.

సుల్తాను పట్టుకుపోయాక

కొన్నేళ్లకు ఖ్వారిజం కొత్త పాలకుల కొలువులో మళ్లీ కుదురుకున్నాడు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. 1017లో గజనీ మహమ్మదు ఖ్వారిజాన్ని పట్టుకుని, అక్కడి పండితుల్ని బంగారంతోపాటు గజనీకి తరలించాడు. బెరూనీ, గురువు అబూ నస్ర్ ఇద్దరూ అందులో ఉన్నారు. బందీనా, ఆస్థాన ఖగోళవేత్తా అంటే, బహుశా రెండూ. మహమ్మదుకూ ఆయనకూ పొసగలేదని చెప్పే కథలు తర్వాతి వాళ్లు చాలా అల్లారు. 'నేను ఏ తలుపులోంచి బయటికి వెళ్తానో చెప్పు' అని సుల్తాను పరీక్ష పెట్టాడని, బెరూనీ కాగితం మీద రాసి ఇచ్చాక గోడ పగలగొట్టించి అందులోంచి వెళ్లాడని, తీరా కాగితంలో అదే రాసి ఉందని ఒకటి. రుజువు లేని కథ. జాతక పాఠాలు ఉన్న పుస్తకం రాసినా, బెరూనీ జ్యోతిషం మీద పెద్దగా నమ్మకం పెట్టుకోలేదు.

రుజువున్న సంగతి ఇది. 1018 అక్టోబరులో కాబూల్ దగ్గర జైఫూర్ అనే పల్లెలో చేతిలో ఒక్క పరికరం కూడా లేకుండా ఉన్నాడు. లెక్కలు చేసుకునే పలక వెనక్కి తిప్పి, దాని మీద ఒక వృత్తఖండం గీసుకుని, దారం వేలాడదీసి సూర్యుడి ఎత్తు కొలిచాడు. ఆ రోజు తన దశ ఎంత అధ్వానంగా ఉందో 'తహ్‌దీద్' గ్రంథంలో దాచకుండా చెప్పుకున్నాడు. 1025లో పూర్తయిన ఆ పుస్తకం పని గజనీ ఎక్కడుంది, అక్కడినుంచి మక్కా ఏ దిక్కున ఉందో తేల్చడం. నమాజుకు దిక్కు తెలియాలంటే రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు, వాటి మధ్య గోళం మీది త్రికోణమితి కావాలి. భక్తికి గణితం అవసరమైన చోట ఆయన ఉత్సాహం రెట్టింపవుతుంది.

కొండెక్కి భూమిని కొలవడం

భూమి ఎంత పెద్దది? తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా మామూన్ ఈ ప్రశ్నకు జవాబు కోసం మనుషుల్ని ఎడారిలో ఉత్తరానికి, దక్షిణానికి నడిపించాడు. ధ్రువ నక్షత్రం ఒక డిగ్రీ పెరిగేదాకా నడవడం, దూరం తాళ్లతో కొలవడం. మంది కావాలి, డబ్బు కావాలి, నీళ్లు కావాలి. బెరూనీ కూడా కాస్పియన్ దగ్గరి మైదానంలో ఇదే ప్రయత్నం మొదలుపెట్టి, ఆసరా ఇచ్చేవాళ్లు లేక వదిలేశాడు.

తర్వాత పంజాబులో, ఇప్పటి పాకిస్తాన్ ఉప్పుకొండల్లో నందన కోట దగ్గర ఆయనకు కావలసిన చోటు దొరికింది. ఒక పక్క నిటారుగా లేచిన కొండ. దాని దక్షిణాన కనుచూపు మేర నీళ్లు పరిచినంత చదునైన మైదానం.

పద్ధతి రెండు మెట్లు. ముందు కింద మైదానంలో రెండు చోట్ల నిలబడి శిఖరం ఎంత కోణంలో కనపడుతోందో చూసి, ఆ రెండు చోట్ల మధ్య దూరంతో కొండ ఎత్తు కట్టాడు. 652 మూరల పైచిలుకు వచ్చింది, మన లెక్కలో దాదాపు 320 మీటర్లు. రెండో మెట్టు కొండ మీద. శిఖరం నుంచి చూస్తే దిగంతం మన కంటి మట్టానికి కొంచెం కిందికి కనపడుతుంది, ఎందుకంటే భూమి వంగి ఉంది. ఆ వంపు ఎంత? 34 కళలు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ. ఆకాశంలో పూర్ణచంద్రుడి వెడల్పు ముప్పై ఒక్క కళలు ఉంటుందనుకుంటే, ఎంత సన్నని తేడాను పట్టుకోవాలో అర్థమవుతుంది. ఈ రెండు సంఖ్యలూ, ఒక్క లంబకోణ త్రిభుజం. భూమి వ్యాసార్ధం 1,28,51,369 మూరల చిల్లరగా తేలింది.

ఆ మూర పొడవు మన మీటర్లలో ఎంతో కచ్చితంగా తెలిస్తే గొడవే లేదు. వాడుకలో ఉన్న ఒక మార్పిడి ప్రకారం అది 6,340 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. నిజమైన సగటు 6,371. ఈ సామీప్యం చూపించి చప్పట్లు కొట్టే వ్యాసాలు కొల్లలు. కానీ గాలి పొరల్లో వెలుగు వంగడం వల్ల శిఖరం మీద నిజంగా కనపడే వంపు రెండు కళలు తగ్గాలి. వెలుగు వంగని లోకంలో ఎంత రావాలో దాదాపు అంతే బెరూనీకి వచ్చింది. అందుకే కొందరు చరిత్రకారులు, ముందున్న కొలతతో సరిపోయేలా సర్దాడేమోనని అనుమానిస్తారు. అనుమానం సబబే. అయినా పద్ధతి గొప్పదనం అందులో కొట్టుకుపోదు. సైన్యం, ఒంటెలు, ఖజానా అక్కర్లేకుండా ఒక్క మనిషి ఒక్క కొండెక్కి భూగోళం పరిమాణం చెప్పొచ్చని చూపించాడు.

నల్లమలలో మన్ననూరు దాటాక ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర నిలబడ్డవాళ్లు ఈ పని ఇక్కడ చేయగలమా అని చూసుకోవచ్చు. ఎత్తు సరిపోతుంది. ఇబ్బంది దిగంతంతోనే. అడవి, గుట్టలు గీతను గజిబిజి చేస్తాయి. నందన మైదానం విలువ అక్కడే తెలుస్తుంది.

పండితుల ముందు శిష్యుడు, తర్వాత 'సాగరం'

గజనీ సైన్యాలు పంజాబును ఆక్రమించాక బెరూనీకి సంస్కృత పండితులతో పరిచయం దొరికింది. పట్టుబట్టి భాష నేర్చుకున్నాడు. పుస్తకాల కోసం డబ్బు వెదజల్లాడు, దూరాల్లోని పండితుల్ని పిలిపించుకున్నాడు. మొదట వాళ్ల ముందు శిష్యుడిలా నిలబడ్డానని, కొంత పట్టుచిక్కాక తర్కం, గణితం తను చెప్పడం మొదలుపెడితే వాళ్లు ముక్కున వేలేసుకుని, ఇవన్నీ ఏ హిందూ గురువు దగ్గర నేర్చావని అడిగారని రాసుకున్నాడు. తమలో తాము ఆయన్ను సాగరం అనుకున్నారట. బెరూనీకి వినయం ఎక్కువని ఎవరూ అనలేరు.

పతంజలి యోగసూత్రాల్ని, సాంఖ్యాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని, టాలెమీని సంస్కృత శ్లోకాల్లో పెట్టడానికి పూనుకున్నాడు. మహమ్మదు 1030 ఏప్రిల్‌లో చనిపోయిన కొన్ని నెలలకే 80 అధ్యాయాల భారత గ్రంథం ముగించాడు. అందులో గీత ఉంది, విష్ణు పురాణం ఉంది, వరాహమిహిరుడి బృహత్సంహిత, బ్రహ్మగుప్తుడి సిద్ధాంతం ఉన్నాయి. తిథి, అధిక మాసం, అహర్గణం లెక్కలు విడమరిచి ఉన్నాయి. గ్రహణం చంద్రుడి మీద భూమి నీడ పడటం వల్లే వస్తుందని తెలిసి కూడా బ్రహ్మగుప్తుడు రాహువు కథకు ఎందుకు లొంగాడని నిలదీస్తాడు. జనానికి భయపడ్డాడనుకోవాలి అంటూనే, ఆయన గణిత ప్రతిభకు చేతులు జోడిస్తాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందన్న ఆర్యభటుడి శిష్యుల మాట ప్రస్తావనకు వచ్చినప్పుడు, తిరిగినా తిరగకపోయినా ఖగోళ లెక్కలు మారవని చెప్పి ఊరుకుంటాడు. అరిస్టాటిల్‌ను ఒప్పుకున్న కాలంలో అంతటి నిష్పాక్షికత తక్కువేమీ కాదు.

హిందూ పండితుల అహంకారాన్ని ఆయన కటువుగా తిట్టాడు, తమది కాని విద్యేదీ విద్య కాదనుకుంటారని. ఆ తిట్టు తరచుగా వినిపిస్తుంది. పక్కనే ఉన్న ఇంకో మాట తక్కువ వినిపిస్తుంది: తన ప్రభువు దాడులే ఈ దేశ వైభవాన్ని ధూళి చేశాయని, విద్యలు తమవాళ్ల చెయ్యి చేరుకోలేని చోట్లకు, కాశ్మీరానికి, కాశీకి పారిపోయాయని, అందుకే వీళ్లకు పరాయివాళ్లంటే అంత ద్వేషమని. సుల్తాను కొలువులో ఉండి ఈ మాట రాయడానికి గుండె ధైర్యం కావాలి. సుల్తాను పోయాక రాయడం కొంత తేలికే అనుకోండి, గద్దె మీద కూర్చున్నది మాత్రం కొడుకే.

మన లిపి, మన నదులు

బెరూనీ దక్షిణాదికి రాలేదు. వచ్చే వీలూ లేదు. కానీ భారతీయ లిపుల జాబితా రాస్తూ 16వ అధ్యాయంలో కర్ణాట లిపి తర్వాత 'ఆంధ్రి'ని పేర్కొన్నాడు, అది ఆంధ్రదేశంలో వాడతారని. అప్పుడు రాజమహేంద్రవరంలో తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. పట్టాభిషేకమై ఎనిమిదేళ్లు, ఆయన ఆస్థాన కవి నన్నయ మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టింది ఆ ఏలుబడిలోనే. తెలుగు కావ్యభాషగా కుదురుకుంటున్న రోజుల్లో గజనీలో ఒక ఖ్వారిజం మనిషి దాని లిపి పేరు అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నాడు. పాలమూరు ప్రాంతం అప్పటికి కల్యాణి చాళుక్యుల రాజ్యం. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు అప్పటికే మూడు వందల ఏళ్లు.

పురాణాల నుంచి నదుల పేర్లు దించుకున్నప్పుడు, సహ్యాద్రిలో పుట్టే నదుల వరుసలో గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కావేరి వచ్చి చేరాయి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డను బెరూనీ ఊహించి ఉండడు. రెండు నదుల పేర్లూ మాత్రం ఒక్క వరుసలో రాశాడు.

వెండి మోసిన ఏనుగు

మహమ్మదు కొడుకు మసూద్‌తో బెరూనీకి పొత్తు కుదిరింది. ఆయన పేరు మీదే 'అల్ ఖానూనుల్ మసూదీ' వచ్చింది. పదకొండు భాగాలు, 142 అధ్యాయాలు. అప్పటిదాకా ఉన్న ఖగోళ విద్యనంతటినీ మళ్లీ కొలిచి, మళ్లీ కట్టి, ఎక్కడెక్కడ గురువులతో తేడా వచ్చిందో చూపించిన పుస్తకం. సైన్ పట్టికల్ని పావు డిగ్రీ చొప్పున వేశాడు. సూర్యుడి మందోచ్చ, అంటే భూమికి అతి దూరంగా ఉండే బిందువు, నక్షత్రాలతోపాటు కాక వేరే వేగంతో జరుగుతోందని లెక్కతో నిలబెట్టాడు. దీనికి మెచ్చి మసూద్ ఏనుగు మోసేంత వెండి పంపితే, నాకు అక్కర్లేదని తిప్పి పంపాడని యాఖూత్ అనే రచయిత చెబుతాడు. వెండి సంగతి ఎలా ఉన్నా, బెరూనీ ఆఖరిదాకా పని మానలేదన్నది నిజం. ఏడాదికి రెండు రోజులు మాత్రమే సెలవు తీసుకునేవాడని, నౌరోజు, మెహ్రగాన్ పండుగలకని అదే రచయిత రాశాడు.

గజనీ కొలువులో ఉండగానే రైహానా అనే యువతి కోసం ఖగోళ పాఠాల పుస్తకం 'తఫ్‌హీం' రాశాడు, 1029లో. ప్రశ్నలు, జవాబులు, మొత్తం 530. రేఖాగణితం నుంచి మొదలై జ్యోతిషం దాకా నడుస్తుంది. ఫార్సీలో ఒకటి, అరబ్బీలో ఒకటి, రెండు రూపాలు. సొంత భాష ఖ్వారిజ్మీలో శాస్త్రం రాస్తే ఒంటె గోడెక్కినట్టుంటుందన్న భావం ఆయనది. ఫార్సీలో పొగడ్త కన్నా అరబ్బీలో తిట్టే మేలనుకున్నాడు.

వృద్ధాప్యంలో చూపూ వినికిడీ మందగించాయి. మందుల మూలికల గ్రంథం 'సైదనా' మీద అప్పటికీ పనిచేస్తున్నాడు. మరణశయ్య మీద చూడవచ్చిన ఒక న్యాయపండితుణ్ని వారసత్వ చట్టంలోని చిక్కు ప్రశ్న అడిగాడట. ఈ స్థితిలో ఎందుకని ఆయన అంటే, తెలియకుండా పోవడం కన్నా తెలిసి పోవడం మంచిది కాదా అన్నాడట. పండితుడు చెప్పి వీధిలోకి వచ్చేసరికి ఇంట్లోంచి ఏడుపులు వినపడ్డాయని కథ. గజనీలోనే, 1050 ప్రాంతంలో, పోయాడు.

హైదరాబాద్ అచ్చులు

తర్వాత ఎనిమిది వందల ఏళ్లు బెరూనీ రాతప్రతుల్లో నిద్రపోయాడు. లాటిన్‌లోకి వెళ్లిన ఇబ్న్ సీనాకు, తత్వవేత్త ఇబ్న్ రుష్ద్‌కు యూరప్ తలలు వంచితే, బెరూనీ పేరు అటువైపు దాదాపు చేరలేదు. జర్మన్ పండితుడు సఖావ్ 1887లో భారత గ్రంథాన్ని అరబ్బీలో, ఆ వెంటనే ఇంగ్లీషులో లండన్‌లో అచ్చు వేయించాకే ప్రపంచం మేలుకుంది.

సరిగ్గా 1888లో నిజాం రాజధానిలో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అన్వారుల్లా ఖాన్ కలిసి దాయిరతుల్ మఆరిఫ్ స్థాపించారు. అరుదైన అరబ్బీ రాతప్రతుల్ని సరిచూసి అచ్చు వేయడం దాని పని. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. వనపర్తి, గద్వాల సంస్థానాలు అప్పట్లో నిజాం ఏలుబడి కిందివే. ఈ కథలో నన్ను ఆపే చోటు ఇదే. గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అన్నారు. అక్కడ సంస్కృతాంధ్ర పండితులకు పోషణ. రాజధానిలో మౌల్వీలు అరబ్బీ ప్రతుల్లో తలదూర్చి ఉన్నారు. బెరూనీ చదివిన పుస్తకాల్లో సగం విద్య ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర. రెంటికీ వంతెన వేసిన మనిషిని అచ్చు వేస్తున్నది ఈ రాజ్యమే అయినా, ఆ రెండు గదుల మధ్య రాకపోకలు పెద్దగా సాగినట్టు లేదు.

దాయిరా జాబితా చూస్తే ఆకాశశాస్త్రం ఎంత ఉందో తెలుస్తుంది. వెలుగు మీద ఇబ్న్ అల్ హైసం సిద్ధాంతాన్ని విస్తరించిన కమాలుద్దీన్ ఫారిసీ గ్రంథం 1928 నుంచి వచ్చింది. నసీరుద్దీన్ తూసీ రచనలు 1940 ప్రాంతంలో. అబ్దుర్రహ్మాన్ సూఫీ నక్షత్రాల బొమ్మల పుస్తకం 1954లో. బెరూనీ విషయానికొస్తే రత్నశాస్త్రం 'అల్ జమాహిర్' 1936లో జర్మన్ పండితుడు క్రెంకో పరిష్కరించగా వెలువడింది. 1948లో బెరూనీ చిన్న గ్రంథాల సంపుటం వచ్చింది, నీడల పుస్తకం అందులోదే. అదే ఏడాది గురువు అబూ నస్ర్ బెరూనీకి రాసిన గ్రంథాల సంపుటమూ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో నిజాం రాజ్యం ముగిసింది. అరబ్బీ అచ్చు ముగియలేదు.

1954 నుంచి 1956 దాకా మూడు సంపుటాల్లో 'ఖానూనుల్ మసూదీ' వచ్చింది. వేర్వేరు దేశాల గ్రంథాలయాల్లో చెదిరిన ప్రతుల్ని పోల్చి, సంఖ్యల పట్టికల్ని అరబ్బీ అక్షరాంకెల్లో పేర్చి అచ్చు వేయడం ఎంత కష్టమో అచ్చుపని తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక్క చుక్క జారితే అంకె మారిపోతుంది. ఆ సంచికలో తప్పులు లేకపోలేదు, పరిశోధకులు ఎత్తిచూపారు కూడా. అయినా బెరూనీ ఖగోళం మీద ప్రపంచంలో ఎక్కడ పుస్తకం వచ్చినా అధోజ్ఞాపికల్లో 'హైదరాబాద్, 1954' తప్పకుండా తగులుతుంది.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ తెలుగువాళ్లందరి రాజధాని అయింది. 1958లో దాయిరా భారత గ్రంథం అరబ్బీ మూలాన్ని మళ్లీ అచ్చు వేసింది. 'ఆంధ్రి' లిపి పేరున్న ఆ 16వ అధ్యాయం ఈసారి ఆంధ్రప్రదేశ్ రాజధానిలోని అచ్చుయంత్రం మీద అరబ్బీలో ముద్రితమైంది.